చప్పట్లు కొట్టి వచ్చెయ్యకండి: గోల్కొండ ముట్టడిని ఒక్క రోజులో చూసే పద్ధతి

మా ఇల్లు లంగర్ హౌజ్‌లో. గోల్కొండకి ఓపికుంటే నడిచి వెళ్ళేంత దూరం. అందుకని పెళ్ళి బట్టలకి వచ్చిన చుట్టాలైనా, ఆస్పత్రికి వచ్చిన చుట్టాలైనా చివరి రోజున "ఎలాగూ పక్కనే కదా" అని కోట చూపించమంటారు. అందరూ చూసే తీరు ఒకటే. పదకొండింటికి ఆటో దిగుతారు. టికెట్టు కొని, లోపలి కోట గుమ్మం బాలాహిస్సార్ దర్వాజా కింద నిలబడి, గుట్ట పైదాకా వినబడుతుందట కదా అని చప్పట్లు కొడతారు. ఎండలో ఆయాసపడుతూ పైకెక్కి, ఫొటోలు దిగి, నీళ్ళ సీసా ఖాళీ చేసి దిగొచ్చేస్తారు. అసలు యుద్ధం జరిగిన చోటుని ఆటోలో దాటి వచ్చామన్న సంగతి ఒక్కరికీ తెలీదు.

నేను పైపులైన్లకి కందకాలు తవ్వించే సైట్ ఇంజినీర్ని. చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. కానీ 1687 గోల్కొండ ముట్టడి గురించి మొదటిసారి వివరంగా చదివినప్పుడు, ఇది నాకు తెలిసిన పనే కదా అనిపించింది. తవ్వకం, మట్టి, వాన, సరుకు అందకపోవడం, రాత్రి కాపలా. ఎనిమిది నెలలు ఇవే. రెండు సైన్యాలు మైదానంలో ఎదురెదురుగా నిలబడి కొట్టుకున్న యుద్ధం కాదది. అందుకే కోట పైకెక్కి వెతికితే కనబడదు. కింద, బయటి గోడ దగ్గర మొదలుపెట్టాలి. నేను చుట్టాలని ఇప్పుడు తిప్పే పద్ధతి ఇదే. కిందటేడు మా బాబాయిని ఇలాగే తిప్పాను. ఆయనది ఖమ్మం జిల్లా నేలకొండపల్లి, అంటే రామదాసు పుట్టిన ఊరు. ఆ సంగతి తర్వాత మనకి అడ్డమొస్తుంది.

ముందు రాత్రి తెలుసుకోవాల్సింది

కథ ముందే తెలియకపోతే రాళ్ళు రాళ్ళలాగే ఉంటాయి. పిల్లలుంటే రాత్రి భోజనాల దగ్గర చెప్పెయ్యండి, పొద్దున కోట దగ్గర చెబితే వినరు.

ఔరంగజేబు గోల్కొండ మీదికి రావడం 1687లో మొదటిసారి కాదు. 1656లో, ఇంకా రాజకుమారుడిగా ఉన్నప్పుడే ఒకసారి ముట్టడించాడు. అప్పటి సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా డబ్బు కట్టి సంధి చేసుకున్నాడు. 31 ఏళ్ళ తర్వాత పాదుషాగా మళ్ళీ వచ్చేసరికి గోల్కొండలో ఉన్నది అబ్దుల్లా అల్లుడు అబుల్ హసన్, మన తానీషా.

అసలు గోల్కొండ ఓటమి కోట బయట, రెండేళ్ళ ముందే మొదలైంది. 1685లో మొఘలు సైన్యం హైదరాబాదు మీదికి వస్తుంటే, ఎదిరించాల్సిన సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం వాళ్ళ పక్షాన చేరిపోయాడు. తానీషా నగరాన్ని వదిలి కోటలోకి వచ్చేశాడు, నగరం లూటీ అయింది. 1686 మార్చిలో ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నలని గోల్కొండ వీధిలోనే చంపేశారు. అది శత్రువు చేసిన పని కాదు, సొంత అంతఃపురం వాళ్ళు, సర్దారులు కలిసి చేసిన కుట్ర. మాదన్న తల మొఘలు శిబిరానికి వెళ్ళింది. వాళ్ళిద్దరూ పోతే పాదుషా శాంతిస్తాడనుకున్నారు. శాంతించలేదు. ఆ సెప్టెంబరులో బీజాపూరు పడిపోయింది, 1687 జనవరి ఆఖర్లో ఔరంగజేబు స్వయంగా గోల్కొండ ముందు దిగాడు.

ఈమాత్రం చాలు. మిగతాది నడుస్తూ చెప్పుకోవచ్చు.

ఎప్పుడు వెళ్ళాలి

అందరూ డిసెంబరు, జనవరి అంటారు. నేను మాత్రం జూలై, ఆగస్టు అంటాను. వాన పడి వెలిసిన రోజైతే మరీ మంచిది. ఈ ముట్టడిలో సగం కథ వానదే. బురదలో చెప్పు ఇరుక్కుపోయినప్పుడు అర్థమైనంతగా పుస్తకంలో అర్థం కాదు. కాకపోతే రాళ్ళు జారతాయి. అడుగున గాడులున్న బూట్లు వేసుకోండి, ఫ్యాన్సీ చెప్పులు వద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే వాళ్ళని బాలాహిస్సార్ కింది పచ్చికలోనే కూర్చోబెట్టేలా ముందే మాట్లాడుకోండి. పైకి 360కి పైగా మెట్లున్నాయి, ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా. నేను ఒకసారి మా అత్తయ్యని మధ్యాహ్నం ఎక్కించాను. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పొద్దున్నే బయల్దేరండి. కోట లోపల టికెట్టు ఇచ్చేది తొమ్మిదింటికి, కానీ మనకి బయటే రెండు గంటల పని ఉంది. గొడుగు, నీళ్ళు, ఒక బిస్కెట్ ప్యాకెట్. బిస్కెట్లు ఎందుకో చివర్లో చెబుతాను.

మొదలు ఫతే దర్వాజా బయట

ఏడింటికల్లా ఫతే దర్వాజాకి చేరండి. లంగర్ హౌజ్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఎదురయ్యే గుమ్మం ఇదే. ఆటోని లోపలికి పోనివ్వకండి, గోడకి ఇవతలే దిగండి. ఎనిమిది దాటితే స్కూలు ఆటోలు, బైకులు, ట్రాలీలు అన్నీ ఒకే గుమ్మంలోంచి దూరాలి, నిలబడి చూడనివ్వరు. ఆ ట్రాఫిక్ జామ్ కూడా ఒక పాఠమే అనుకోండి. ఒకేసారి ఎక్కువమంది దూరకూడదనే కట్టిన గుమ్మం అది, నాలుగొందల ఏళ్ళుగా ఆ పని చక్కగా చేస్తోంది.

ఇక్కడ చూడాల్సినవి రెండు. ఒకటి, దారి తిన్నగా ఉండదు. గుమ్మానికి ముందు అడ్డుగోడ ఉండి, వచ్చేవాడు వంపు తిరగాల్సి వస్తుంది. ఏనుగుని పరిగెత్తించుకొచ్చి తలుపు కొట్టించాలంటే దానికి తిన్నని దారి కావాలి. ఆ దారి లేకుండా చేశారు. రెండు, తలుపు మీద పొడుచుకొచ్చిన ఇనుప మేకులు. అవీ ఏనుగు నుదురు కోసమే. పిల్లలు ముట్టుకుంటామంటే ముట్టుకోనివ్వండి.

ఇప్పుడు పేరు గురించి. ఫతే అంటే గెలుపు. గెలిచిన సైన్యం లోపలికి నడిచిన గుమ్మం కాబట్టి ఆ పేరు. అంటే ఊరివాళ్ళు రోజూ పాలకి, కూరలకి వెళ్ళొచ్చే గుమ్మానికి ఓడించినవాడి పేరు స్థిరపడింది. ఊళ్ళో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎల్బీ స్టేడియం పాత పేరు ఫతే మైదానం. ముట్టడిప్పుడు మొఘలు సైన్యం అక్కడ విడిది చేసిందని చెబుతారు. దాని పక్కనే నౌబత్ పహాడ్, డప్పు కొట్టి మొఘలు ఫర్మానాలు చదివిన గుట్ట. బిర్లా మందిర్‌కి వెళ్ళేవాళ్ళు దాన్ని పక్కనుంచే చూస్తారు.

కానీ ఈ మేకుల తలుపుని చూసి, ఏనుగులు దీన్ని బద్దలు కొట్టాయని ఊహించుకోవద్దు. అలా జరగలేదు. ఎలా జరిగిందో లోపలికి వెళ్ళాక.

గోడ వెంట నడక: ఇక్కడ తొందరపడకండి

దర్వాజా బయటే, గోడ వెంట కొంత దూరం నడవండి. మొత్తం బయటి గోడ పది కిలోమీటర్ల పైనే, 87 బురుజులు. అంతా తిరగలేరు, తిరగక్కర్లేదు కూడా. చుట్టూ చాలాచోట్ల మిలిటరీ స్థలం ఉంది, బోర్డు కనబడితే ఆగిపోండి. అరకిలోమీటరు చాలు. బురుజు బయటికి ఎలా ఉబ్బిందో చూడండి. ఒక బురుజు మీద నిలబడినవాడికి పక్క బురుజు పాదం కనబడుతుంది. గోడకి ఆనుకుని దాక్కునే చోటే లేదు.

ఇప్పుడు గోడ కింద చూడండి. ఒకప్పుడు ఇక్కడ కందకం. చాలాచోట్ల పూడిపోయింది, ఇళ్ళొచ్చాయి, చెత్త చేరింది. కానీ వాన పడితే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూస్తే పాత పల్లం తెలిసిపోతుంది. మా పనిలో ఇది మొదటి పాఠం: మ్యాప్ అబద్ధం చెప్పినా నీరు చెప్పదు.

ఈ కందకం పూడ్చడమే మొఘలుల మొదటి తలనొప్పి. అది పూడ్చనిదే గోడ దగ్గరికి ఫిరంగి రాదు, నిచ్చెన రాదు. బస్తాల్లో మట్టి నింపి వెయ్యాలి. మొదటి బస్తాని ఔరంగజేబు వుజూ (నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం) చేసుకుని తన చేత్తో కుట్టాడని వాళ్ళ వృత్తాంతాల్లోనే ఉంది. అప్పటికి ఆయనకి దాదాపు 70 ఏళ్ళు. నచ్చినా నచ్చకపోయినా, పని దగ్గర పెద్దాయన స్వయంగా చెయ్యి వేస్తే కూలీల్లో ఎంత తేడా వస్తుందో నేను చూశాను కాబట్టి, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

పని మాత్రం సాగలేదు. పైనుంచి ఫిరంగులు, తుపాకులు రాత్రింబగళ్ళు కొడుతూనే ఉన్నాయి. గోల్కొండలో మందుగుండుకి కరువు లేదు. ముట్టడి మొదట్లోనే ఖిలిచ్ ఖాన్ అనే పెద్ద సర్దారుకి గుండు తగిలి భుజం నుజ్జయిపోయింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే, ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పాడట. మూడు రోజులకి చనిపోయాడు. సమాధి హిమాయత్ సాగర్ దగ్గర ఉంది. ఈ ముట్టడిని నడిపించిన ఫిరోజ్ జంగ్ ఆయన కొడుకే. ఆ ఫిరోజ్ జంగ్ కొడుకు తర్వాత మొదటి నిజాము అయ్యాడు. అంటే ఈ గోడ ముందు తాత పోయాడు, తండ్రి గాయపడ్డాడు, మనవడు ఊరికి ఏలిక అయ్యాడు. బాబాయి ఇది విని "పొలం తగాదాలాగుందే" అన్నాడు.

మే నెలలో ఒక రాత్రి ఫిరోజ్ జంగ్ నిచ్చెనలు వేయించాడు. కొందరు గోడ ఎక్కేశారు కూడా. అప్పుడు పైన తిరుగుతున్న ఒక కుక్క మొరిగింది. కాపలావాళ్ళు లేచి నిచ్చెనలు తోసేశారు. కింద శిబిరంలో అప్పటికే గెలిచామని నగారాలు మోగించారట, ఆ పరువు కూడా పోయింది. తానీషా ఆ కుక్కకి బంగారు గొలుసు వేయించి, జలతారు కోటు తొడిగించాడు. పిల్లలకి ఈ కథ గోడ కిందే చెప్పండి, పైకి చూస్తూ వింటారు.

ఆ తర్వాత మందుపాతరలు. బురుజు కింద దాకా సొరంగం తవ్వి, బారుతు, అంటే తుపాకిమందు, కూరి, నిప్పు పెట్టడం. వినడానికి తేలిక. కానీ గోల్కొండ చుట్టుపక్కల తవ్వినవాళ్ళని అడగండి. అడుగు లోతు మొరం, దాని కింద రాయి. మాకు ఇప్పుడు బ్రేకర్ పెట్టిన జేసీబీలు ఉండి కూడా ఆ రాయి తగిలిందంటే ఆ వారం షెడ్యూల్ పోయినట్టే. వాళ్ళు గునపాలతో తవ్వారు. పైగా లోపలివాళ్ళకి చప్పుడు వినబడింది. వాళ్ళు ఎదురు సొరంగం తవ్వి, తమ వైపు బారుతు తీసేసి, మిగిలినదాన్ని తడిపేశారు. జూన్ 20న నిప్పు పెడితే పేలుడు కోట మీదికి కాక, దాడికి సిద్ధంగా నిలబడిన మొఘలుల మీదికే వచ్చింది. వెయ్యి మందికి పైగా పోయారని వాళ్ళ లెక్కే చెబుతుంది. రెండో పాతరా అలాగే అయింది. మూడోది పేలనేలేదు.

అప్పటికి వానలు. మొఘలులు ఎత్తుగా పోసుకున్న మట్టి దిబ్బలు కరిగిపోయాయి, కందకాల్లోకి నీళ్ళొచ్చాయి. మంజీర పొంగి ధాన్యం బళ్ళు ఆగిపోయాయి. అంతకు ముందటేడు వానల్లేక కరువు, ఈ ఏడు వాన ఎక్కువై కరువు. శిబిరంలో రోగాలు. నాకు మూడేళ్ళ కిందట ఒక సైటులో ఇలాగే ఒక రాత్రి వాన దెబ్బకి ఎనభై మీటర్ల ట్రెంచ్ కూలిపోయింది. పక్కలకి పలకలు ఆనించమని నేను అడిగాను, పైవాళ్ళు ఖర్చన్నారు. మనుషులెవరూ లోపల లేరు కాబట్టి బతికిపోయాం. పొద్దున ఆ బురద గుంటలో మోటారు పెట్టి నీళ్ళు తోడుతూ నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ 1687 జూలైయే. అంత పెద్ద సామ్రాజ్యం ఇలాంటి గుంటల ముందు నిలబడి, చేసేదిలేక చూసింది.

ఓపికున్నవాళ్ళు ఇక్కడి నుంచి రెండు బురుజులు వెతుక్కోవచ్చు. దక్షిణం వైపు మూసా బురుజు, 1666లో కట్టింది. 1656 దాడిలో దెబ్బ ఎటునుంచి వచ్చిందో చూసుకుని, ఆ వైపు గట్టి చేశారు. వాయవ్య మూల పేట్లా బురుజు. పేట్ అంటే పొట్ట, నిజంగానే బొజ్జలా ఉంటుంది. దాని మీద ఫతే రాహ్‌బర్ అనే పొడవాటి కంచు ఫిరంగి ఉంది. మహమ్మద్ అలీ అరబ్ పోతపోసిన ఔరంగజేబు ఫిరంగి అది. గోడని కొట్టడానికి వచ్చినవాడి ఫిరంగి ఇవాళ గోడ కాసిన బురుజు మీదే కూర్చుని ఉంది. సందులు తికమకగా ఉంటాయి, ఫోన్లో మ్యాప్‌ని నమ్ముకునే కంటే ఛాయ్ బండి దగ్గర అడగడం నయం.

బజారు గుండా బాలాహిస్సార్‌కి

తిరిగి ఫతే దర్వాజాకి వచ్చి, ఇప్పుడు లోపలికి నడవండి. ఆటో ఎక్కొద్దు. ఈ దారంతా ఇళ్ళు, మసీదులు, కోళ్ళ దుకాణాలు, టైలర్లు. గోడ లోపల ఊరుంది, ఎప్పుడూ ఉంది. మధ్యలో ఇరానీ ఛాయ్ తాగండి. ఛాయ్ వచ్చేలోపు అసలు ఘట్టం చెప్పండి.

సెప్టెంబరుకల్లా తానీషా పెద్ద సర్దారుల్లో చాలామంది ఒక్కొక్కరే మొఘలుల దగ్గరికి వెళ్ళిపోయారు. షేక్ నిజాం అనే ఆయన కూడా వెళ్ళిపోయాడు. రెండేళ్ళ తర్వాత శివాజీ కొడుకు శంభాజీని పట్టుకున్నది ఈయనే. చెప్పుకోదగ్గ పెద్దవాళ్ళు లోపల ఇద్దరే మిగిలారు. ఒకడు అబ్దుల్ రజాక్ లారీ, ఇరాన్ నుంచి వచ్చినవాడు. రెండోవాడు అబ్దుల్లా ఖాన్ పనీ, ఆఫ్ఘన్. ఇద్దరికీ పాదుషా నుంచి ఆశలు చూపిస్తూ ఉత్తరాలు వచ్చాయి. లారీ ఆ ఫర్మానాని బురుజు మీద అందరూ చూస్తుండగా చింపి, కర్బలాలో ఇమామ్ హుసేను వెంట నిలిచిన 72 మందిలా పోరాడతానన్నాడు. పనీ తన ఉత్తరాన్ని చింపలేదు.

1687 సెప్టెంబరు 21, తెల్లవారుజామున మూడింటికి, పనీ ఒక చిన్న దిడ్డి తలుపు తీయించాడు. మొఘలు సర్దారు రుహుల్లా ఖాన్ మనుషులు లోపలికి వచ్చి పెద్ద దర్వాజా తెరిచారు. అంతే. ఎనిమిది నెలల సొరంగాలు, బస్తాలు, ఫిరంగులు చెయ్యలేని పని ఒక గడియ చేసింది.

లారీకి చప్పుడు వినబడింది. జీను వెయ్యని గుర్రం ఎక్కి, కత్తి, డాలు పట్టుకుని, వెంట పదీ పన్నెండు మందితో గుమ్మం వైపు పరిగెత్తించాడు. మీరు ఇప్పుడు నడుస్తున్న ఈ బజారు దిక్కున, ఎదురొస్తున్న సైన్యం మీదికి.

తొమ్మిదయ్యాక టికెట్టు తీసుకుని లోపలికి వెళ్ళండి. ఫోన్లో క్యూఆర్ స్కాన్ చేస్తే లైనులో నిలబడక్కర్లేదు. గైడు కావాలంటే మాట్లాడుకోండి, కానీ ముందే "ముట్టడి గురించి చెప్పాలి, చప్పట్ల గురించి కాదు" అని చెప్పండి. సగంమంది నవ్వుతారు, ఒకరిద్దరు ఉత్సాహంగా చెబుతారు. ఆ ఒకరిద్దరినే తీసుకోండి. చప్పట్లు కూడా కొట్టుకోండి, నేనేం వద్దనను. గుట్ట పైనున్న దర్బారు మంటపం, బారాదరీ దాకా వినబడటం నిజమే, గుమ్మం దగ్గర గొడవైతే పైకి తెలియడానికే ఆ ఏర్పాటు. ఆ తెల్లవారుజామున కూడా చప్పుడు పైకి వినబడే ఉంటుందని నా ఊహ.

దర్వాజా దాటగానే కుడివైపు నగీనా బాగ్. జనం ఇక్కడ ఒక నిమిషం కూడా ఆగరు. నేను ఇక్కడే కూర్చోబెడతాను. లారీ ఒంటి నిండా గాయాలతో, నుదుటి తోలు ఊడి కళ్ళ మీద వేలాడుతుంటే, గుర్రం ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళి ఈ తోట దగ్గర ఒక చెట్టు కింద పడిపోయాడు. గుర్తుపట్టినవాళ్ళు మంచం మీద మోసుకెళ్ళారు. గాయాలు లెక్కపెడితే 70 దాకా వచ్చాయి. ఔరంగజేబే ఇద్దరు వైద్యులని పంపించాడు, ఒకరు యూరపు ఆయన, ఒకరు హిందువు. బతికాడు. కొన్నాళ్ళకి మొఘలు కొలువులోనే చేరాడు కూడా. గైడ్లు ఈ చివరి ముక్క చెప్పరు. నాకు మాత్రం ఆ ముక్కతోనే ఆయన మనిషిలా కనబడతాడు.

మా బాబాయి మాత్రం ఈ లోపల ఆరుసార్లు అడిగాడు. "అమ్మాయ్, రామదాసు జైలు ఎక్కడే?" నేలకొండపల్లి మనిషికి గోల్కొండ అంటే అదే. "వస్తుంది బాబాయ్, దారిలోనే ఉంది" అని చెబుతూ నడిపించాను. మీ వెంట కూడా ఇలాంటివాళ్ళు ఒకరు ఉంటారు. వాళ్ళని ఆపకండి, ఆ జైలు ఈ కథలోదే.

కింద అక్కన్న మాదన్నల కచేరీ గదులు చూపిస్తారు. ముట్టడి నాటికి అవి ఏడాదిగా ఖాళీ. ఎక్కుతుంటే రామదాసుని ఉంచారన్న గది వస్తుంది. పైన కన్నంలోంచి పడే వెలుతురు, గోడ మీద ఆయన చెక్కుకున్నాడని చెప్పే దేవుళ్ళు. మేనమామలు ఇద్దరూ ఇదే కోటలో మంత్రులుగా ఉండగా మేనల్లుడు పన్నెండేళ్ళు ఇందులో ఉన్నాడన్నది కథ. బాబాయి అక్కడ దణ్ణం పెట్టుకుని, "ఇక్ష్వాకు కుల తిలకా" అని గొంతు సవరించుకున్నాడు. వెనక లైనులో ఉన్నవాళ్ళు కదలమంటే తప్ప కదల్లేదు. ఆ తానీషానే తెలుగువాళ్ళు మంచి రాజుగా గుర్తుపెట్టుకున్నారు చూడండి. జైల్లో పెట్టినవాడే రాముడు కలలో కనిపించిన అదృష్టవంతుడయ్యాడు.

ఇంకా పైన అంబర్ ఖానా, ధాన్యం కొట్టు. 1642 నాటి నల్లరాతి శాసనం ఉంది, ఆగి చూడండి. బయట మంజీర పొంగి మొఘలులు గింజలకి అల్లాడుతుంటే లోపల ఇవి నిండి ఉన్నాయి. అందుకే ఎనిమిది నెలలు.

బారాదరీ మీదికి చేరాక ఫొటోలకి ముందు ఈశాన్యం వైపు తిరగండి. గోల్ఫ్ కోర్సు పచ్చదనం మధ్య ఇంకో గోడ కనబడుతుంది. అది నయా ఖిలా. 1656లో ఆ మిట్ట మీద నుంచి దెబ్బలు తగిలాయని, తర్వాత ఆ మిట్టనే గోడలోకి కలుపుకున్నారు. పోయినసారి తప్పుని సరిదిద్దుకున్నారు, కానీ ఈసారి దెబ్బ వేరే చోట తగిలింది. నయా ఖిలాలో 27 మీటర్ల చుట్టుకొలత ఉన్న బావోబాబ్ చెట్టు, హాథియాఁ కా ఝాడ్, ఈ ముట్టడి నాటికే పెద్ద చెట్టు. వీలుంటే ఇంకో రోజు వెళ్ళండి.

ఇక్కడే, పైన, తానీషా సంగతి చెప్పి దిగండి. రుహుల్లా ఖాన్ పట్టుకోవడానికి వచ్చేసరికి ఆయన ఆడవాళ్ళని ఓదార్చి, సింహాసనం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. భోజనం వేళైందని వడ్డించమన్నాడు. ఇలాంటప్పుడు తిండెలా సహిస్తుందని ఎవరో అడిగితే, సుఖమిచ్చిన దేవుడే కష్టమూ ఇచ్చాడన్న అర్థంలో జవాబిచ్చాడట. దౌలతాబాదు కోటలో బందీగానే చనిపోయాడు. సమాధి ఖుల్దాబాదులో ఉంది.

సాయంత్రం, ఆపైన ఆషాఢం

కాళ్ళు మిగిలి ఉంటే బంజారీ దర్వాజా వైపు నుంచి కుతుబ్ షాహీ సమాధులకి వెళ్ళండి. మరమ్మతులయ్యాక చాలా బాగున్నాయి. గుమ్మటాలు అన్నీ చూడక్కర్లేదు. ఇక్కడ చివరి సుల్తాను సమాధి లేదని పిల్లలకి చూపిస్తే చాలు. కోటలో సౌండ్ అండ్ లైట్ షో నాకైతే పెద్దగా ఎక్కదు. కుర్చీలో కూర్చుంటే ముట్టడి తెలియదు, దోమలు మాత్రం తెలుస్తాయి.

జ్ఞాపకం ఎలా నిలిచిందో చూడాలంటే మాత్రం ఆషాఢంలో రండి. బోనాలు మొదలయ్యేది గోల్కొండ జగదాంబిక దగ్గరే. లంగర్ హౌజ్ నుంచి తొట్టెల ఊరేగింపు బయల్దేరి, అదే ఫతే దర్వాజా కిందనుంచి లోపలికి వెళ్తుంది. మా అమ్మ చిన్నప్పుడు నన్ను నడిపించిన దారి అదే. ఆ నెలంతా ఆదివారాలు, గురువారాలు జనమే. మొదటి ఆదివారం ఫతే దర్వాజా వైపు బండి తియ్యకండి, మధ్యలో ఇరుక్కుంటే వెనక్కి రాలేరు. నెల చివర్లో పాతబస్తీ బోనాల మరునాడు, హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి నుంచి ఘటం ఏనుగు మీద బయల్దేరుతుంది. గెలిచినవాడి పేరు తలుపుకి ఉంది, సరే. వీధిలో చంపిన ఇద్దరి పేరుతో మాత్రం ఏటా ఏనుగు నడుస్తోంది, పోతరాజులు ముందు ఆడుతున్నారు. శాలిబండ దగ్గర మధ్యాహ్నానికే చోటు చూసుకోండి, ఎత్తు అరుగు దొరికితే వదలకండి.

బాబాయి ఊరెళ్ళిన నాలుగు రోజులకి ఫోన్ చేశాడు. రామదాసు గురించి అనుకున్నాను. "అది కాదే, ఆ కుక్క మొరిగిన బురుజు ఏదో చూపించలేదేం? మా మనవడికి చెబితే అదే అడుగుతున్నాడు" అన్నాడు. ఈసారి మనవడిని కూడా తీసుకొస్తాడట.

పొద్దున ఏడింటికి ఫతే దర్వాజా బయట, గోడ నీడలో నాలుగైదు పడుకుని ఉంటాయి. కొత్తవాళ్ళని చూస్తే ఇప్పటికీ మొరుగుతాయి. బిస్కెట్ ప్యాకెట్ వాటికి.